తాటిచెట్టంత అల

గోదావరి, కృష్ణా డెల్టాల్లో పెద్ద తుఫాను చూసినవాళ్ళను సముద్రం ఎంత ఎత్తు వచ్చిందని అడిగితే, చాలామంది చెప్పే కొలత ఒకటే. "తాటిచెట్టంత." అతిశయోక్తి అని కొట్టిపారేయడం తేలికే గానీ, అదీ ఒక కొలతే. కొలబద్ద లేనిచోట మనిషి కంటికెదురుగా నిలబడ్డదాంతో కొలుస్తాడు. తీరంలో నిటారుగా నిలబడేవి తాటిచెట్టు, కొబ్బరిచెట్టు, కాస్త దూరంగా గుడి గోపురం. ఏది మునిగింది, ఏది మిగిలింది అన్నదే లెక్క.

కోనసీమ తీరం దాటి సముద్రంలోకి వెళ్తే నిటారుగా నిలబడేవి ఇంకో రకానివి ఉన్నాయి. అవి ఉక్కు గొట్టాలు. సూరసాని యానాం ఎదురుగా రవ్వ చమురు క్షేత్రంలో ప్లాట్‌ఫామ్‌లు నిలబడింది ఆ గొట్టపు కాళ్ళ మీదే. వాటిని నిలబెట్టేవాడికి "తాటిచెట్టంత" అన్న మాట చాలదు. అల ఎత్తు తెలిసినా చాలదు. ఆ ఎత్తు అల ఒక గుండ్రటి స్తంభాన్ని ఎంత బలంతో తోస్తుంది? ఈ చిన్న ప్రశ్న వెనక దాదాపు ఎనభై ఏళ్ళ చరిత్ర ఉంది. దాని కొస పట్టుకుని వెళ్తే మన డెల్టా దేన్ని కొలుచుకుంది, దేన్ని కొలుచుకోలేదు అన్న ఇంకో చరిత్ర బయటపడుతుంది. నాకు ఆసక్తి ఆ రెండోదాని మీద.

ముందు కొలుచుకున్నదాని సంగతి. గోదావరి వాళ్ళం నదిని కొలవడంలో తక్కువవాళ్ళం కాదు. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. నీటిమట్టం చూడటం అప్పటినుంచీ డెల్టా బతుకులో భాగమైపోయింది. ధవళేశ్వరంలో 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. లంకల్లో బడికెళ్ళే పిల్లాడికీ ఈ అంకెలు తెలుసు. 1986 ఆగస్టు వరదను తలచుకునేవాళ్ళు "35 లక్షల క్యూసెక్కులు" అని ఇంటి నంబరు చెప్పినట్టు చెబుతారు.

నది స్తంభాన్ని తోయడం కూడా మనకు కొత్త కాదు. 1900లో రాజమండ్రి దగ్గర రైళ్ళు నడవడం మొదలైన హేవలాక్ వంతెన 56 ఖానాల మీద దాదాపు మూడు కిలోమీటర్ల నదిని దాటింది. దాని స్తంభాలు ఒక శతాబ్దంపాటు వరదలకు ఎదురు నిలిచాయి. అయితే నదికి ఒక మంచి గుణం ఉంది. అది ఎప్పుడూ ఒకే వైపు తోస్తుంది. వరదలో వెదురు గెడ పాతితే నీళ్ళు ముందువైపు కొట్టి, పక్కలనుంచి జారి, వెనక సుడులు తిరుగుతాయి. ముందు ఒత్తిడి ఎక్కువ, వెనక తక్కువ. ఆ తేడాయే గెడను ఈడుస్తుంది. దీన్ని ఈడ్పు బలం అందాం. నీటి వేగం రెండింతలైతే ఇది నాలుగింతలవుతుంది.

అల అలా కాదు. అలలో నీళ్ళు ప్రయాణం చేయవు, గుండ్రంగా తిరుగుతాయి. అల నెత్తి మన మీదుగా పోతున్నప్పుడు ముందుకు, పల్లం వచ్చినప్పుడు వెనక్కి. ఈ రెంటికీ మధ్య ఒక క్షణం అడ్డంగా కదలడం పూర్తిగా ఆగిపోతాయి. నది లెక్క ప్రకారమైతే ఆ క్షణంలో స్తంభం మీద బలం సున్నా కావాలి. కాదు. పల్లెవెలుగు బస్సు నిలకడగా పోతున్నంతసేపూ మనకేం కాదు, కదిలేటప్పుడూ ఆగేటప్పుడూ కుదిపేస్తుంది. మనల్ని కుదిపేది వేగం కాదు, వేగంలో మార్పు. అల దిశ మార్చుకునే క్షణంలో ఆ మార్పు అత్యధికంగా ఉంటుంది. స్తంభం చుట్టూ ఉన్న నీటి జడత్వం స్తంభాన్ని అలాగే కుదుపుతుంది. ఇది జడత్వ బలం.

ఈ రెండు బలాలనూ పక్కపక్కన రాసి కూడితే చాలు అని 1950లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో నలుగురు ప్రతిపాదించారు. మోరిసన్, ఓబ్రైన్, జాన్సన్, షాఫ్. పైళ్ళ మీద సముద్రపు అలల బలం గురించి వాళ్ళు రాసిన ఆ చిన్న వ్యాసంలోని సూత్రానికి చివరికి మొదటి పేరే మిగిలింది. మోరిసన్ సమీకరణం అంటారు.

అది ఆ ఏడాదే, అక్కడే ఎందుకు పుట్టింది? రెండు కారణాలున్నాయి. మొదటిది యుద్ధం. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాన్ని పరాయి తీరాల్లో దింపాలంటే అక్కడి అలలు ఎలా ఉంటాయో ముందే తెలియాలి. దానికోసం అమెరికా సముద్ర శాస్త్రజ్ఞులనూ ఇంజనీర్లనూ పనిలో పెట్టింది. ఓబ్రైన్, జాన్సన్ ఆ పనిలోంచి వచ్చినవాళ్ళే. రెండోది చమురు. 1947లో మెక్సికో సింధుశాఖలో, ఒడ్డు కనపడనంత దూరంలో నూనెబావి తవ్వారు. చమురు కంపెనీలకు అలల లెక్క డబ్బు లెక్క అయింది. కాళ్ళు సన్నమైతే కూలుతుంది, లావైతే ఉక్కు ఖర్చుతో పాటు అల తాకిడి కూడా పెరుగుతుంది.

ఈ లెక్క ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చేసి చూద్దాం. మీటరు మందం ఉన్న ఒక గొట్టం, నీటి ఉపరితలానికి దగ్గరగా ఉన్న ఒక మీటరు పొడవు ముక్క. మామూలు రోజు ఎనిమిది సెకన్లకొకటి చొప్పున మీటరు ఎత్తు అలలు వస్తున్నాయి. ఆ ముక్క మీద ఈడ్పు బలం గరిష్ఠంగా 8 కిలోల బరువంత, జడత్వ బలం 50 కిలోలంత. ఇప్పుడు తుఫాను వచ్చి పది సెకన్లకొకటి చొప్పున పది మీటర్ల అలలు లేచాయనుకోండి. జడత్వ బలం 320 కిలోలకు చేరుతుంది. ఈడ్పు బలం 8 నుంచి 500 కిలోలు దాటిపోతుంది. మామూలు రోజున చిన్నదిగా కనపడి పక్కన పెట్టేయదగ్గ బలమే తుఫాను రోజున పెత్తనం చేస్తుంది. ప్రశాంతమైన సముద్రాన్ని ఎన్నేళ్ళు చూసినా తుఫాను సముద్రం గురించి తెలిసేది తక్కువే అని దీని అర్థం. బెస్తవాళ్ళకు ఈ సంగతి చెప్పక్కర్లేదు గానీ, లెక్కలోనూ అదే తేలడం నాకు నచ్చింది.

అయితే ఈ లెక్కలో నేను ఒక మాట దాటేశాను. ఈడ్పుకో గుణకం, జడత్వానికో గుణకం ఉంటాయి. నేను వాటిని 1, 2 అనుకుని లెక్క కట్టాను. ఆ అంకెలు కాగితం మీద సిద్ధాంతంలోంచి పూర్తిగా రాబట్టగలిగినవి కావు. గొట్టం వెనక పుట్టిన సుడి అల తిరిగొచ్చేసరికి ఇంకా అక్కడే ఉంటుంది. మళ్ళీ గొట్టం మీదకే వస్తుంది. ఈ గజిబిజిని కొలిచి చూడటం తప్ప వేరే దారి లేకపోయింది.

అందుకని కొలిచారు. 1958లో అమెరికా ప్రమాణాల సంస్థలో క్యూలెగన్, కార్పెంటర్ ఒక తొట్టెలో నీళ్ళను అటూ ఇటూ ఊపి, నీటి ఊపు గొట్టం మందానికి ఎన్ని రెట్లుంది అన్నదాన్ని బట్టి ఆ గుణకాలు మారతాయని తేల్చారు. 1970ల్లో టర్కీలో పుట్టి అమెరికాలో పనిచేసిన తుర్గుత్ సర్ప్‌కాయ ఇంగ్లీషు 'యు' అక్షరం ఆకారంలో పెద్ద నీటి సొరంగం కట్టి, నున్నటి గొట్టాల మీదా గరుకు గొట్టాల మీదా ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశాడు. ప్రయోగశాల చాలదనుకున్నవాళ్ళు సముద్రంలోకే వెళ్ళారు. మెక్సికో సింధుశాఖలో కొలతల కోసమే ఒక ప్లాట్‌ఫామ్ నిలబెట్టారు. ఇంగ్లండు దక్షిణ తీరంలో క్రైస్ట్‌చర్చ్ అఖాతంలో ఒక లావు స్తంభాన్నీ, దాని పక్కన ఒక సన్నటి స్తంభాన్నీ పాతి, ఒకే అల రెంటినీ ఎలా తోస్తుందో చూశారు.

కొలిచే పద్ధతి వినడానికి సాదాగా ఉంటుంది. స్తంభానికి ఒకచోట తొడుగులాంటి ముక్కను విడిగా అమర్చి, లోపలి స్తంభానికి స్ట్రెయిన్ గేజ్‌ల మీదుగా బిగిస్తారు. స్ట్రెయిన్ గేజ్ అంటే అతికించిన సన్నటి లోహపు తీగ. అల తోసినప్పుడు అది వెంట్రుకవాసి సాగుతుంది. సాగితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పులోంచి బలాన్ని లెక్కగడతారు. కష్టం బలాన్ని కొలవడంలో లేదు. అదే క్షణంలో, అదే చోట నీళ్ళు ఎంత వేగంగా ఎటు పోతున్నాయో కూడా తెలియాలి. నిజం సముద్రంలో అలలు ఒక వైపునుంచి రావు, ఒకే ఎత్తున రావు. తొట్టెలో వచ్చినంత పొందికైన అంకెలు సముద్రంలో ఎవరికీ రాలేదు.

ఇంకో చిక్కు ఉంది. సముద్రంలో దిగిన గొట్టం నున్నగా ఉండదు. నాచు, గుల్లలు, ఆల్చిప్పలు పట్టి లావెక్కుతుంది, గరుకెక్కుతుంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ నిబంధనల్లో నున్నటి గొట్టానికి ఈడ్పు గుణకం 0.65, గరుకు గొట్టానికి 1.05. అంటే గొట్టం అదే, అల అదే, గుల్లలు పట్టినందుకు బలం అరవై శాతం పైచిలుకు పెరిగింది. ప్లాట్‌ఫామ్ కాళ్ళకు పట్టిన గుల్లలను గీకించడం అందం కోసం కాదన్నమాట.

ఇక మన తీరానికి వద్దాం. 1974లో బొంబాయి హైలో చమురు పడ్డాక దేశం కళ్ళు సముద్రం మీద పడ్డాయి. గోదావరి వైపు 1978లో నరసాపురం దగ్గర గ్యాస్ దొరికింది. ఓఎన్‌జీసీకి రాజమండ్రి స్థావరమైంది. 1987లో సముద్రంలో రవ్వ క్షేత్రం బయటపడింది, 1993లో ఉత్పత్తి మొదలైంది. 2009 ఏప్రిల్‌లో రిలయన్స్ వాళ్ళ కేజీ-డీ6 గ్యాస్ గాడిమొగ దగ్గర ఒడ్డెక్కింది. లోతైన నీళ్ళలో బావి నోరు సముద్రపు అడుగునే ఉంటుంది. అక్కడిదాకా అల ఊపు దిగదు. రవ్వ లాంటి తక్కువ లోతు చోట్ల మాత్రం ఉక్కు కాళ్ళు నీళ్ళను చీల్చుకుని పైకి రావాలి, అలలకు ఎదురు నిలవాలి.

ఆ కాళ్ళకు గుణకాలను దిగుమతి చేసుకోవచ్చు. కాలిఫోర్నియా తొట్టెలో సుడి తిరిగిన నీళ్ళు అంతర్వేది దగ్గరా అలాగే సుడి తిరుగుతాయి. అల ఎత్తును మాత్రం దిగుమతి చేసుకోలేం. బంగాళాఖాతంలో తుఫాను ఎంత అల లేపుతుందో బంగాళాఖాతమే చెప్పాలి. ప్లాట్‌ఫామ్ కట్టేవాళ్ళు అడిగేది నూరేళ్ళ అల ఎత్తు. అంటే ఏ ఏడాదైనా సరే, అంతకు మించిన అల వచ్చే అవకాశం నూటికి ఒకటి అన్నంత పెద్ద అల. నూరేళ్ళకోసారే వస్తుందని కాదు. పాతికేళ్ళు నిలబడే ప్లాట్‌ఫామ్ అలాంటి అలను ఒక్కసారైనా చూసే అవకాశం 22 శాతం. నాలుగు నాణేలు కాదు, రెండు నాణేలు ఎగరేస్తే రెండూ బొమ్మలు పడేంత. మరీ అరుదేమీ కాదు.

ఈ అంకె ఎక్కడినుంచి రావాలి? నూరేళ్ళ కొలతలుంటే చూసి చెప్పొచ్చు. నదికి మన దగ్గర అలాంటివి ఉన్నాయి. సముద్రపు అలకు లేవు. 1950ల మొదట్లో అమెరికాలోని స్క్రిప్స్ సంస్థలో పనిచేసిన యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, విశాఖ తీరంలో అలలనూ ప్రవాహాలనూ పరిశీలించడం నేర్పాడు. మన వైపు సముద్ర శాస్త్రానికి అది పునాది. బంగాళాఖాతం నడిమధ్య అలల గురించి మాత్రం చాలాకాలం ఓడలవాళ్ళు కంటితో చూసి రాసిన చిట్టాలే దిక్కు. వాటిలో ఒక లోపం ఉంది. తుఫాను వస్తోందంటే బుద్ధున్న కెప్టెన్ ఓడను పక్కకు తిప్పుకుంటాడు. అందుకే అతి పెద్ద అలలు ఆ చిట్టాలకు ఎక్కవు. వరసగా కొలతలు పంపే బోయాలు మన సముద్రాల్లో తేలడం 1990ల రెండో సగంలో గానీ మొదలవలేదు.

అప్పుడిక ఇంజనీరు చరిత్రకారుడి గుమ్మం తొక్కాలి. పాత తుఫానులను ఒక్కొక్కటే తవ్వితీసి, అది ఏ దారిన వచ్చింది, గాలి ఎంత, ఎంతసేపు అని పోగేసి, ఆ గాలికి ఎంత అల లేచి ఉండాలో వెనక్కి లెక్కగడతారు. భారత వాతావరణ శాఖ దగ్గర 1891 నుంచి తుఫానుల దారుల పటాలున్నాయి. అంతకు ముందుదంతా లేఖలు, ఓడల చిట్టాలు, జ్ఞాపకాలు.

ఆ జ్ఞాపకాల్లో మన కోరంగి ఉంది. తాళ్ళరేవు దగ్గర ఇప్పుడు మడ అడవుల పేరుగా మిగిలిన కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు. 1789లో మూడు పెద్ద కెరటాలు వరసగా వచ్చి ఊరిని ముంచాయని చెబుతారు. 1839 నవంబర్‌లో ఇంకో ఉప్పెన. కలకత్తాలో కూర్చుని ఓడల చిట్టాలు పోగేసి తుఫానుల లక్షణాలు తేల్చిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి గురించి రాశాడు. 'సైక్లోన్' అన్న మాటను 1848లో లోకానికి ఇచ్చింది ఈయనే. 1839 ఉప్పెనలో మూడు లక్షలమంది పోయారనీ, నీళ్ళు నలభై అడుగులు లేచాయనీ పుస్తకం నుంచి పుస్తకానికి ఒక అంకె దిగుతూ వస్తోంది. అప్పటి కోరంగి లాంటి రేవు చుట్టుపక్కల మూడు లక్షలమంది పోవడం నాకు నమ్మబుద్ధి కాదు. నలభై అడుగులు కూడా "తాటిచెట్టంత"కు ఇంగ్లీషు అనువాదంలా వినిపిస్తుంది. అయినా ఆ అంకెలను తీసి పారేయలేం. అక్కడ పెద్దదేదో జరిగిందనడానికి మిగిలిన సాక్ష్యం అవే.

ఒక తేడా ఇక్కడ చెప్పుకోవాలి. ఉప్పెన వేరు, కెరటం వేరు. తుఫాను గాలి నీటిని ఒడ్డుకు నెట్టి మొత్తం సముద్రపు మట్టాన్నే ఎత్తితే అది ఉప్పెన. దాని మీద స్వారీ చేసేది కెరటం. ప్లాట్‌ఫామ్ కాళ్ళను కొట్టేది ప్రధానంగా కెరటం. ఊళ్ళను ముంచేది ప్రధానంగా ఉప్పెన. ప్లాట్‌ఫామ్ పైఅంతస్తును మాత్రం రెండూ కలిసినా అందనంత ఎత్తులో పెట్టాలి. పల్చటి కాళ్ళను ఒరుసుకుని పోయే అల, వెడల్పాటి పైఅంతస్తును తాకిందంటే లెక్క మొత్తం మారిపోతుంది.

లెక్కకు లొంగని సముద్రమూ ఉంది. 1989 నవంబర్ 3న 'గే' తుఫాను థాయ్‌లాండ్ సింధుశాఖలో సీక్రెస్ట్ అనే డ్రిల్లింగ్ ఓడను బోర్లాపడేసింది. 91 మంది పోయారు. అదే తుఫాను మలయా ద్వీపకల్పాన్ని దాటి, బంగాళాఖాతంలో మళ్ళీ బలం పుంజుకుని, ఆరు రోజుల తర్వాత మన కావలి దగ్గర తీరం దాటింది. మోరిసన్ సూత్రం అప్పటికి నలభై ఏళ్ళది. ఓడ కథ వేరు, స్తంభం కథ వేరు, నిజమే. కానీ సముద్రం మీద చమురు కోసం వెళ్ళినవాళ్ళనూ, నెల్లూరు తీరంలో ఇళ్ళల్లో ఉన్నవాళ్ళనూ ఒకే గాలి తాకడం ఆలోచింపజేస్తుంది.

అసలు ప్రశ్న 1996 నవంబర్ 6 రాత్రి గురించి. కాకినాడకు దక్షిణాన తుఫాను తీరం దాటింది. వెయ్యిమందికి పైగా పోయారు. కోనసీమ కొబ్బరి తోటలు లక్షల చెట్లతో నేలకొరిగాయి. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి బెస్త ఊళ్ళలో సముద్రం మీదకెళ్ళి తిరిగిరాని మగవాళ్ళున్న ఇళ్ళు ఎన్నో. అప్పటికి రవ్వ నుంచి మూడేళ్ళుగా చమురు వస్తోంది. అంటే ఆ సముద్రంలో ఎంత పెద్ద అల రావచ్చు అన్న ప్రశ్న అప్పటికే వేసుకున్నారు, జవాబు కట్టుకున్నారు, ఆ జవాబు ఉక్కు మందంలోకి వెళ్ళింది. అదే నీళ్ళ మీదకు నాటుపడవలో వెళ్ళేవాడి దాకా మాత్రం ఆ ప్రశ్న పోలేదు.

దీన్ని కుట్రగా చూపించడం నా ఉద్దేశం కాదు. పడవను మోరిసన్ సూత్రంతో కాపాడలేం. పడవకు కావలసింది ముందస్తు కబురు. ఆ కబురు ఇప్పుడు చాలా మెరుగైంది. హైదరాబాద్‌లో సముద్రం లేకపోయినా 1999లో అక్కడ పెట్టిన ఇన్‌కాయిస్ సంస్థ, బోయాల కొలతలు కలుపుకుని, రేపు అలలు ఎంత ఎత్తుంటాయో మత్స్యకారులకు తెలుగులో చెబుతోంది. ఇంజనీరుకు నూరేళ్ళ లెక్క కోసం పనికొచ్చే కొలతే బెస్తవాడికి రేపటి లెక్క కోసం పనికొస్తుంది. నేనంటున్నది ఒక్కటే. కొలత ఎవరి అవసరం కోసం మొదలవుతుందో ముందు వాళ్ళనే కాపాడుతుంది. నదిని పంటకోసం కొలిచాం, పంట కాలువలు బాగుపడ్డాయి. సముద్రాన్ని యుద్ధం కోసం, చమురు కోసం కొలిచారు. మిగతావాళ్ళ వంతు తర్వాత వచ్చింది.

ఆ లెక్కలో ఇప్పుడు కొత్త చిక్కు పడింది. నూరేళ్ళ అల అన్న అంకె వెనక ఒక నమ్మకం ఉంది. రాబోయే వందేళ్ళ సముద్రం గడిచిన వందేళ్ళ సముద్రంలాగే ఉంటుందని. 2009లో సివిట్స్‌కీ బృందం ప్రపంచంలోని 33 డెల్టాలు ఎలా కుంగుతున్నాయో పరిశీలించింది. వాటిలో గోదావరి, కృష్ణా రెండూ ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు, సహపరిశోధకులు చూపించింది ఇంకా సూటిగా ఉంది. గోదావరి సముద్రానికి మోసుకొచ్చే ఒండ్రు 1970లతో పోలిస్తే 1990లకు సగంకన్నా తక్కువకు పడిపోయింది. ఒండ్రంతా ఎగువన జలాశయాల్లో ఆగిపోతోంది. ఒండ్రు రాని డెల్టా తనంతట తాను కుంగుతూ, సముద్రానికి దారిస్తుంది. కాటన్ ఆనకట్టతో మొదలైన నది లెక్కా, మోరిసన్ సూత్రంతో మొదలైన సముద్రం లెక్కా ఇక్కడ కలుస్తాయి. నదిని ఎంత బాగా కొలిచి ఆపుకున్నామో, సముద్రం అంత దగ్గరకొచ్చింది.

ప్లాట్‌ఫామ్ లెక్కను మళ్ళీ చేయొచ్చు. నీటిమట్టం పెరిగిందని రాసుకుని, కొత్త అల ఎత్తు పెట్టి, కాళ్ళు ఆగుతాయో లేదో చూసి, ఆగవనుకుంటే బలపరచొచ్చు, లేదా ఊడబెరికి తీసుకుపోవచ్చు. దాని ఆయువు పాతికేళ్ళో ముప్ఫై ఏళ్ళో. అంతర్వేది పల్లిపాలెంలో ఇల్లు కట్టుకున్నవాడు పాతికేళ్ళ కోసం కట్టుకోలేదు.

ధవళేశ్వరంలో 11.75 అనగానే లంకలో మూటలు సర్దుకుంటారు. ఎవరూ వివరించక్కర్లేదు. ఆ అంకె వెనక ఏ సూత్రముందో తెలియక్కర్లేదు. నూటడెబ్బై ఏళ్ళ కొలతలు అరిగి అరిగి, జనం నోటికి సరిపోయే మూడు అంకెలయ్యాయి. సముద్రం వైపు తిరిగితే మాత్రం మన నోట ఇంకా తాటిచెట్టే ఉంది.